తిరుపతి నుంచి ఆలోవేకు: రాబర్ట్ బర్న్స్ పుట్టిన ఊరిని చూసి రావడం ఎలా

గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లి కొన్నాళ్లుండి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో తక్కువేమీ కాదు. వారికి పిల్లలు చూపించే చోట్లు దాదాపు ఒకేలా ఉంటాయి: ఎడిన్‌బరో కోట, ఏదో ఒక పెద్ద సరస్సు, నగరం నడుమ దుకాణాల వీధి. వాటి నుంచి ఒక పగలు మిగిల్చి, గ్లాస్గోకు నైరుతిగా సముద్రపు ఒడ్డునున్న ఎయిర్ పట్టణాన్ని, దాన్ని ఆనుకుని ఉన్న ఆలోవే అనే చిన్న ఊరిని చూసి రమ్మని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. స్కాట్లండ్ ప్రజలు తమ జాతీయకవిగా తలచుకునే రాబర్ట్ బర్న్స్ 1759 జనవరి 25న పుట్టింది ఇక్కడే. ఆంగ్ల సంవత్సరాది రాత్రి ప్రపంచమంతటా పాడుకునే ‘ఆల్డ్ లాంగ్ సైన్’ పాట ఆయన పేరు మీదనే ప్రచారంలో ఉంది. ఎర్ర గులాబీని ప్రియురాలితో పోల్చిన ఆయన గీతాన్ని ఆంగ్ల సాహిత్య విద్యార్థులు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు.

ఒక విషయం ముందే చెప్పుకోవాలి. ఏ సన్నాహమూ లేకుండా వెళ్లినవారికి ఆలోవేలో కనిపించేవి ఒక పూరిల్లు, పైకప్పు లేని ఒక చర్చి, ఒక రాతి వంతెన, అంతే. అరగంటలో ఫొటోలు దిగి తిరిగి రావచ్చు. ఈ ఊరు ఒక పద్యకథకు రంగస్థలం. ఆ కథ తెలిసినవారికి పూరింటి నుంచి వంతెన దాకా ఉన్న కొద్దిపాటి దూరమే ఒక పూట నడక అవుతుంది. అందుకే ఈ ప్రయాణానికి చేయవలసిన ఏర్పాట్లలో వీసా, విమానం టికెట్టు కంటే ముందు నిలిచేది చదువు.

బయలుదేరే ముందు చదవవలసినది

చదవవలసిన కావ్యం ‘టామ్ ఓ షాంటర్’. బర్న్స్ దీన్ని 1790లో రాశాడు; 1791లో అచ్చయింది. రెండు వందలకు పైగా పంక్తులున్న ఈ కథాకావ్యాన్ని గట్టిగా చదివితే పావుగంటలో పూర్తవుతుంది. కథ ఇది. టామ్ అనే రైతు ఎయిర్ పట్టణంలో సంత ముగిశాక, చెప్పులు కుట్టే జానీ అనే స్నేహితుడితో కూర్చుని పొద్దుపోయేదాకా తాగుతాడు. ఇలాగే తిరిగితే ఏదో ఒక రోజు డూన్ ఏటిలో శవమై తేలతావని, లేదంటే ఆలోవే చర్చి దగ్గర చీకట్లో మంత్రగాళ్ల చేతికి చిక్కుతావని భార్య కేట్ ఎన్నడో హెచ్చరించి ఉంటుంది. గాలివాన విరుచుకుపడుతున్న ఆ నడిరాత్రి టామ్ తన ఆడగుర్రం మెగ్‌ను ఎక్కి ఇంటిదారి పడతాడు. ఆలోవే చర్చి దగ్గరికి వచ్చేసరికి లోపల దీపాలు వెలుగుతూ కనిపిస్తాయి. తొంగి చూస్తే సైతాను బ్యాగ్‌పైపు ఊదుతుంటాడు, మంత్రగత్తెలు చిందులు వేస్తుంటారు. వారిలో పొట్టి లోపలి అంగీ తొడుక్కున్న నానీ అనే పడుచు ఆట చూసి మైమరచిన టామ్ ‘భళా’ అని కేక పెడతాడు. వెంటనే దీపాలన్నీ ఆరిపోతాయి, గుంపంతా అతని వెంటపడుతుంది. పారే నీటి నడిమధ్య దాటి మంత్రగత్తెలు రాలేరని అక్కడి జనుల నమ్మకం. వంతెన నడుమనున్న రాయిని మెగ్ అందుకునే క్షణంలోనే నానీ దాని తోకను పట్టుకుంటుంది. టామ్ బతికి బయటపడతాడు, గుర్రానికి మాత్రం తోక మిగలదు.

ఈ కావ్యం పుట్టుక వెనుకనున్న సంగతిని కూడా తెలుసుకుని వెళ్లాలి, ఎందుకంటే ఊళ్లో చూసే శిథిలానికి అది నేరుగా సంబంధించినది. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే పురావస్తు ప్రియుడు స్కాట్లండ్‌లోని పాత కట్టడాల బొమ్మలతో ఒక గ్రంథం సిద్ధం చేస్తున్నప్పుడు, ఆలోవే చర్చి బొమ్మను కూడా అందులో చేర్చమని బర్న్స్ కోరాడు. ఆ చర్చి ప్రాంగణంలోనే ఆయన తండ్రి సమాధి ఉంది. గ్రోస్ ఒప్పుకుంటూ, బొమ్మకు తోడుగా ఆ చోటి దయ్యాల కథ ఒకటి రాసిమ్మని అడిగాడు. తండ్రి సమాధి ఉన్న చోటు పుస్తకంలోకి ఎక్కాలన్న కోరిక నుంచి ఇంతటి నవ్వూ భయమూ కలగలిసిన కావ్యం పుట్టుకొచ్చింది.

చదివే పద్ధతి గురించి ఒక సూచన. బర్న్స్ రాసింది మనం బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు కాదు, దిగువ స్కాట్లండ్ పల్లెల్లో మాట్లాడే స్కాట్స్. కళ్లతో చదివితే మొదటి పేజీలోనే చిక్కుపడతాం. అర్థాలు పక్కనే ఇచ్చిన ప్రతిని ముందు పెట్టుకుని, అక్కడివారు చదివిన రికార్డింగు వింటూ పోతే రెండో సారికి కథ నడక పట్టుబడుతుంది. చిత్తూరు జిల్లా మాండలికంలో వచ్చిన కథలను అభిమానంతో చదివినవారికి, బర్న్స్ తన ఊరి మాటను వదలకపోవడం ఎందుకంత ముఖ్యమైందో ఎవరూ వివరించనక్కర లేదు. దీనితోపాటు, నాగలి చాలుకు గూడు చెదిరిన ఎలుకను ఉద్దేశించి 1785లో ఆయన రాసిన పద్యాన్నీ, ధనమూ బిరుదులూ మనిషికి కొలత కావని 1795లో రాసిన పాటనూ చదువుకుని వెళితే చాలు. 1999లో స్కాట్లండ్ పార్లమెంటు ప్రారంభమైనప్పుడు పాడింది ఆ రెండో పాటనే.

వీసా, విమానం, రైలు

స్కాట్లండ్‌కు ప్రత్యేకమైన వీసా లేదు. బ్రిటన్ సందర్శకుల వీసానే చాలు. ఐరోపా దేశాలకు తీసుకున్న షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు. దరఖాస్తును బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటులో నింపి, వేలిముద్రలూ ఫొటో ఇవ్వడానికి చెన్నై, బెంగళూరు, హైదరాబాదు కేంద్రాల్లో మీకు దగ్గరైన దానికి వెళ్లాలి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. నిర్ణయం సాధారణంగా మూడు వారాల్లో వస్తుంది గానీ వేసవి సెలవులకు ముందు రద్దీ ఎక్కువ కాబట్టి చివరిదాకా ఆగకూడదు. పిల్లలు పిలిపించుకుంటున్నట్లయితే వారి ఆహ్వానపత్రం, నివాసానికి ఆధారం, మీ బ్యాంకు లావాదేవీల పత్రాలు, ఇక్కడికి తిరిగి వస్తారనడానికి చూపే ఉద్యోగం లేదా ఆస్తి వివరాలు ఒకదానితో ఒకటి పొసిగేలా ఉండాలి. రుసుములు మారుతుంటాయి, దరఖాస్తు చేసే రోజున వెబ్‌సైటులో కనిపించేదే లెక్క.

తిరుపతి వారికి చెన్నై విమానాశ్రయం అనువు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్ చేరి అక్కడి నుంచి మెట్రోలో విమానాశ్రయానికి పోవచ్చు. సామాను ఎక్కువుంటే రోడ్డు మార్గమే మేలు. చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపువారికి కోలారు మీదుగా బెంగళూరు సులువు, పైగా ఆ విమానాశ్రయం నగరానికి ఉత్తరాన దేవనహళ్లి దగ్గరుంది కాబట్టి ఊరంతా దాటవలసిన పని లేదు. గ్లాస్గోకు మన దగ్గర నుంచి నేరుగా విమానాలు లేవు. దుబాయిలో మారి గ్లాస్గోలో దిగడం ఒక దారి. లండన్‌లో దిగి యూస్టన్ స్టేషన్ నుంచి రైలులో సుమారు నాలుగున్నర గంటలు ప్రయాణించి గ్లాస్గో చేరడం మరో దారి. పెద్దవారు తోడుగా ఉన్నప్పుడు రెండో దారిని నేను సిఫారసు చేయను. రాత్రంతా విమానంలో కూర్చుని దిగిన కాళ్లకు లండన్ స్టేషన్ల మెట్లు పెద్ద శిక్ష.

గ్లాస్గోలో రెండు ప్రధాన రైల్వే స్టేషన్లున్నాయి. ఎయిర్‌కు రైలు బయలుదేరేది సెంట్రల్ స్టేషన్ నుంచి. ఎడిన్‌బరో నుంచి వచ్చే రైళ్లలో ఎక్కువ భాగం క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి సెంట్రల్‌కు పది నిమిషాల నడక. ఎడిన్‌బరోలో ఉండేవారు ఈ మార్పుకు కూడా సమయం కలుపుకుని బయలుదేరాలి. గ్లాస్గో నుంచి ఎయిర్‌కు సుమారు యాభై నిమిషాలు పడుతుంది. వెళ్లేటప్పుడు రైలు నడిచే దిక్కుకు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి; సగం దారి దాటాక సముద్రమూ, ఆకాశం తేటగా ఉంటే ఆరన్ ద్వీపపు కొండలూ అటువైపే కనిపిస్తాయి. రానూపోనూ కలిపి ఒకే టికెట్టు కొనడం విడివిడిగా కొనడం కంటే సాధారణంగా చౌక.

ఆలోవేలో రైల్వే స్టేషన్ లేదు. ఎయిర్ పట్టణం నుంచి దక్షిణంగా సుమారు నాలుగు కిలోమీటర్లు సిటీ బస్సులోనో టాక్సీలోనో వెళ్లాలి. నడక అలవాటున్నవారు గంటలో చేరవచ్చు. ఆదివారాల్లో బస్సులు తక్కువ తిరుగుతాయి. స్టేషన్ బయట ఉన్న కూడలిలో బర్న్స్ నిలువెత్తు విగ్రహం ఉంది, 1891లో ప్రతిష్ఠించినది. చూపు ఆలోవే దిక్కుగా ఉన్నట్టు దాన్ని నిలిపారని అక్కడ చెబుతారు.

ఊరిలో నడవవలసిన క్రమం

కార్లలో వచ్చేవారు ఎక్కువగా మ్యూజియం దగ్గర దిగి అక్కడి నుంచే మొదలుపెడతారు. అది అనువైన పద్ధతే గానీ మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. బర్న్స్ పుట్టిన ఇల్లు ఊరికి ఉత్తరపు కొసన, ఎయిర్ నుంచి వచ్చే దారి మీదనే ఉంటుంది. వంతెన దక్షిణపు కొసన ఉంటుంది. కావ్యంలో టామ్ గుర్రం పరుగెత్తింది కూడా ఈ దిక్కుకే. కాబట్టి ఇంటి దగ్గర దిగి, మ్యూజియం, చర్చి, స్మారకం చూసుకుంటూ వంతెన దగ్గర ముగిస్తే కవి జీవితమూ కావ్యమూ రెండూ వరుసలో కుదురుతాయి. టికెట్టు ఇచ్చేదీ, ఇంటినీ మ్యూజియాన్నీ నిర్వహించేదీ నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ అనే సంస్థ. తెరచి ఉండే వేళలు చలికాలంలో కుదించుకుపోతాయి కాబట్టి వెళ్లే ముందు రోజు ఆ సంస్థ వెబ్‌సైటు ఒకసారి చూసుకోవాలి.

ఆ ఇంటిని కవి తండ్రి విలియం 1757లో స్వయంగా కట్టుకున్నాడు. ఆయన తోటమాలి, ఇక్కడ సుమారు ఏడెకరాల నేలను కౌలుకు తీసుకుని కూరగాయల తోట వేసి బతకాలనుకున్నాడు. మట్టి గోడలు, గడ్డి కప్పు, తెల్ల సున్నం. పొడవుగా ఉన్న ఒకే కప్పు కింద ఒక కొసన వంటిల్లు, దాని పక్కన ఒక గది, ఆ తరువాత పశువుల కొట్టం, ధాన్యం నూర్చే చోటు వరుసగా ఉంటాయి. వంటింటి గోడలోకి అమర్చిన మంచం మీదనే బర్న్స్ పుట్టాడు. పుట్టిన కొన్నాళ్లకే గాలివానకు ఇంటి గోడ ఒకవైపు కూలిపోగా, తల్లి ఆగ్నెస్ పసిబిడ్డను ఎత్తుకుని పొరుగింట తలదాచుకుంది. జనవరి గాలి తనకు స్వాగతం పలికిందని తరువాత ఒక పాటలో ఆయనే చమత్కరించాడు. లోపల తలుపులు పొట్టివి, నేల సమంగా ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవారు చేయి పట్టుకుని నడవాలి.

ఈ వంటింట్లో కాసేపు నిలబడవలసిన కారణం మరొకటి ఉంది. తల్లి తరఫు బంధువైన బెట్టీ డేవిడ్‌సన్ అనే ముసలామె ఇంట్లో ఉంటూ పిల్లలకు దయ్యాలు, మంత్రగత్తెలు, కొరివిదీపాల కథలు చెప్పేదనీ, తనలో కవిత్వపు విత్తనం పడింది ఆ కథల వల్లనేననీ, పెద్దయ్యాక కూడా రాత్రివేళ అనుమానపు చోట్ల వెళ్లేటప్పుడు చుట్టూ చూసుకునేవాడిననీ బర్న్స్ 1787లో రాసిన ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. తల్లి పాటలు పాడేది. తండ్రి పట్టుదలగా చదువు చెప్పించాడు. 1765లో పొరుగువారితో చందాలు కలిపి జాన్ మర్డాక్ అనే కుర్ర పంతులును పెట్టుకున్నాడు. పాడే తల్లి, కథలు చెప్పే ముసలామె, చదివించే తండ్రి ఉన్న ఈ ఇంట్లో ఆయన ఏడేళ్లే గడిపాడు. 1766లో కుటుంబం దగ్గరలోని మౌంట్ ఆలిఫెంట్ అనే పొలానికి మారిపోయింది. తరువాత ఈ ఇల్లు చాలాకాలం సారాయి అంగడిగా నడిచింది. 1818లో ఇక్కడికి వచ్చిన ఆంగ్లకవి జాన్ కీట్స్, ఇంటిని చూపించే ముసలివాడి తాగుబోతు వాగుడు భరించలేక ఉత్తరంలో విసుక్కున్నాడు. 1881లో స్మారక ధర్మకర్తలు కొన్న తరువాత ఇంటికి మర్యాద తిరిగి దక్కింది.

ఇంటి నుంచి మ్యూజియానికి ‘కవి బాట’ అని పేరు పెట్టిన కాలిదారి ఉంది. దారి పొడుగునా కావ్యంలోని ఘట్టాలను గాలిదిక్కు చూపే లోహపు బొమ్మలుగా చేసి నిలబెట్టారు. పద్యానికెక్కిన ఎలుక కూడా పెద్ద శిల్పంగా ఒకచోట ఉంది. సమతలంగా ఉండే దారి కాబట్టి పిల్లలనూ పెద్దలనూ ఇటే నడిపించుకు వెళ్లవచ్చు. కథను ముందే పిల్లలకు చెప్పి ఉంటే ఏ బొమ్మ ఏ ఘట్టమో వాళ్లే పోటీపడి చెబుతారు.

మ్యూజియానికి గంటన్నర అయినా ఇవ్వండి. 2010 చివర్లో తెరిచిన ఈ భవనంలో బర్న్స్ చేతిరాత ప్రతులున్నాయి. కాగితం పాడవకుండా వెలుతురు తక్కువగా ఉంచుతారు. కళ్లు అలవాటు పడేదాకా ఆగి చూడాలి. ముఖ్యంగా చూడవలసినవి 1786 జులై 31న కిల్మార్నక్ పట్టణంలో అచ్చయిన తొలి పద్యసంపుటికి సంబంధించినవి. 612 ప్రతులు వేశారు, ధర మూడు షిల్లింగులు. ఆ సమయంలో వ్యవసాయం దెబ్బతిని, ప్రేమ వ్యవహారం చిక్కుల్లో పడి, ఆయన జమైకాలోని చెరకు తోటల్లో ఉద్యోగానికి ఓడ ఎక్కడానికి సిద్ధమయ్యాడు. పుస్తకం విజయం ఆ ప్రయాణాన్ని ఆపి, ఆయనను ఎడిన్‌బరోకు చేర్చింది. ఆ జమైకా తోటలు నడిచింది బానిసల శ్రమ మీద. మనుషులంతా ఒకటేనని పాడిన కవి ఆ ఉద్యోగానికి ఒప్పుకున్నాడన్న నిజాన్ని ఇప్పటివారు దాచిపెట్టకుండా చర్చిస్తున్నారు, అది సబబే. స్త్రీల విషయంలోనూ ఆయన జీవితం మచ్చలేనిదేమీ కాదు. ఆరాధన భావంతో మాత్రమే వెళ్లేవారికి ఇక్కడ కొంత ఇబ్బంది కలగవచ్చు.

తిరుపతి నుంచి వెళ్లినవారికి పాటల విభాగం దగ్గర ఒక ఆలోచన రాక తప్పదు. తాళ్లపాక అన్నమాచార్యులు జనం నోట నలిగిన బాణీల్లో పదాలు కట్టాడు. ఆ సంకీర్తనలు రాగిరేకులకెక్కి తిరుమల ఆలయంలోని అరలో శతాబ్దాలపాటు ఉండిపోయి, ఇరవయ్యో శతాబ్దంలో పండితుల చేతుల మీదుగా మళ్లీ జనంలోకి వచ్చాయి. బర్న్స్ చేసింది ఇందులో రెండు పాత్రలూ కలిసిన పని. తానూ పాట కట్టాడు, ఎడిన్‌బరోలోని జేమ్స్ జాన్సన్ ప్రచురించిన పాటల సంపుటాల కోసం ఊరూరా వినబడే పాత పాటలనూ సేకరించి, విరిగినచోట అతికి, చరణాలు పూరించాడు. దీనికి డబ్బు తీసుకోలేదు. ‘ఆల్డ్ లాంగ్ సైన్’ను కూడా ఒక ముసలాయన పాడగా రాసుకున్నానని చెప్పుకున్నాడు. దాని బాణీకి రవీంద్రనాథ్ ఠాగూర్ కట్టిన బెంగాలీ పాటను విన్నవారు మనలోనూ ఉంటారు. అందుకే ఏది ఆయన స్వంతం, ఏది జనానిది అని ఇక్కడ గీత గీయడం కష్టం. మ్యూజియంలో వినిపించే పాటలను అదే దృష్టితో వినాలి.

అక్కడి నుంచి నాలుగడుగుల్లో ఆలోవే పాత చర్చి. పదహారో శతాబ్దపు కట్టడం. బర్న్స్ చిన్నతనానికే వాడుకలో లేక పాడుబడింది. గోడలు నిలిచి ఉన్నాయి, పైకప్పు లేదు. ప్రవేశానికి టికెట్టు లేదు. వాకిట్లోనే విలియం బర్న్స్ సమాధి ఉంది. రాతి మీద తండ్రి కోసం కొడుకు రాసిన చరమ పద్యం కనిపిస్తుంది. మొదటి రాతిని వచ్చినవారు జ్ఞాపకంగా ముక్కలు ముక్కలుగా పట్టుకుపోగా మరొకటి పెట్టారు. తరువాత గోడ చుట్టూ నడిచి, కిటికీలా తెరిచి ఉన్న చోటు నుంచి లోపలికి చూడండి. అంత ఇరుకు చోటులో అంత పెద్ద దయ్యాల జాతర నడిపించడంలోనే కవి కొంటెతనం తెలుస్తుంది. టామ్ ఇక్కడికి చేరేలోగా దాటి వచ్చిన చోట్లను కావ్యం వరుసగా చెబుతుంది: మంచులో కూరుకుపోయి వర్తకుడు చచ్చిన రేవు, తాగినవాడు మెడ విరగ్గొట్టుకున్న రాయి, హత్యకు గురైన పసిబిడ్డ దొరికిన రాళ్లకుప్ప, ఒక తల్లి ఉరిపోసుకున్న ముళ్లచెట్టు. ఎయిర్ నుంచి ఇంత దగ్గరి దారిలో ఇన్ని చావులు పేర్చిపెట్టిన తరువాతనే చర్చిలో దీపం వెలుగుతుంది. ఆ పంక్తులను ఫోనులో పెట్టుకుని ఇక్కడ నిలబడి చదవమని నా సలహా. ఇది సమాధుల చోటు కాబట్టి రాళ్ల మీద కూర్చోవడం, తినడం మాత్రం చేయకూడదు.

రోడ్డు దాటితే బర్న్స్ స్మారకం. వాస్తుశిల్పి థామస్ హామిల్టన్. 1820లో పునాది వేసి 1823లో పూర్తి చేశారు. గ్రీకు పద్ధతిలో సుమారు 70 అడుగుల ఎత్తున నిలిచిన ఈ కట్టడానికి తొమ్మిది స్తంభాలున్నాయి, తొమ్మిదిమంది కళాదేవతలకు గుర్తుగా. మట్టింట్లో పుట్టిన కవికి ఈ గ్రీకు మండపం నప్పలేదనే నాకు అనిపిస్తుంది. చుట్టూ ఉన్న తోట మాత్రం బాగుంటుంది. జేమ్స్ థామ్ అనే శిల్పి చెక్కిన టామ్, జానీల రాతి విగ్రహాలు ఇక్కడే ఉన్నాయి. చేతిలో పాత్రలతో నవ్వుతూ కూర్చున్న ఆ ఇద్దరినీ చూశాక స్తంభాలు గుర్తుండవు.

తోట కింద డూన్ ఏటి మీద ఒకే కమాను ఉన్న పాత వంతెన. మధ్యయుగం చివరినాటిది, దాని మీద ఇప్పుడు వాహనాలు పోవు, వాటికి కొంచెం దిగువన వేరే వంతెన ఉంది. ముందుగా ఆ కొత్త వంతెన మీద నిలబడి పాతదాన్ని చూడండి, కమాను పూర్తి ఆకారం అక్కడి నుంచే కనిపిస్తుంది. తరువాత పాతదాని మీదికి ఎక్కండి. గూని ఎత్తుగా ఉంటుంది, పరిచిన రాళ్లు వానకు జారతాయి. ఎక్కుతున్నప్పుడు మెగ్ ఎంత ఊపిరి బిగబట్టి ఉంటుందో కాళ్లకే తెలుస్తుంది. నడిమధ్య రాయి దగ్గర ఆగి, ఇక్కడికి ఇవతల తోక, అవతల గుర్రం అని లెక్క చెప్పుకోవచ్చు. లండన్ దగ్గర గ్రీనిచ్‌లో ఉన్న ‘కటీ సార్క్’ ఓడకు 1869లో ఆ పేరు పెట్టింది నానీ తొడుక్కున్న పొట్టి లోపలి అంగీని బట్టే. ఓడ ముందున్న స్త్రీ బొమ్మ చేతిలో ఉండేది ఈ గుర్రపు తోక. లండన్ మీదుగా తిరిగి వచ్చేవారు దాన్ని కూడా చూడవచ్చు.

ఆలోవే ఇప్పుడు ఎయిర్ పట్టణంలో కలిసిపోయిన, ఖరీదైన ఇళ్లున్న పేట అని కూడా తెలుసుకుని వెళ్లాలి. పొలాలు, పశువులు ఉన్న పల్లెను ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు.

వాన, తిండి, డబ్బు

మే నుంచి సెప్టెంబరు వరకు వెళ్లడం మంచిది. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. ఎండాకాలంలోనూ పగటి వేడి ఇరవై డిగ్రీలకు లోపే ఉండడం మామూలు, అంటే మన మార్గశిరపు తెల్లవారుజామున తిరుమల కొండ మీదికి వేసుకెళ్లే స్వెట్టరు అక్కడ జులైలో కావాలి. అది పడమటి తీరం. వాన ఎప్పుడైనా పడుతుంది, గాలితో కలిసి పడుతుంది. గొడుగు ఆ గాలికి నిలవదు. తలకు టోపీ ఉన్న రెయిన్‌కోటు, జారని బూట్లు తప్పనిసరి. చీర కట్టుకునేవారు కుచ్చిళ్లు కాస్త పైకి పెట్టుకోవడమో, ఆ ఒక్క రోజు చుడీదార్ వేసుకోవడమో మేలు.

బర్న్స్ పేరు చెప్పగానే అక్కడివారు వడ్డించేది హాగిస్. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను సన్నగా తరిగి, ఓట్స్ గింజలు, ఉల్లిపాయ, కొవ్వు, మిరియాల వంటి దినుసులు కలిపి, సంప్రదాయంగా గొర్రె పొట్టలో కూరి ఉడికిస్తారు. ఉడికించి మెదిపిన దుంపలతో కలిపి పెడతారు. బోటి కూర ఇష్టంగా తినే మన జిల్లావారికి ఇది కొత్తేమీ కాదు, కారం తక్కువ అనిపిస్తుందంతే. మాంసం తినని వారికీ, శనివారం నీచు ముట్టని వారికీ పప్పులు, గింజలు, కూరగాయలతో చేసిన శాకాహార హాగిస్ కూడా చాలాచోట్ల దొరుకుతుంది, అడిగి తెప్పించుకోవాలి. ఇంటి నుంచి పులిహోర కట్టుకుని వెళ్లినా తోటలోని బల్లల దగ్గర తినవచ్చు. ఇండియా నుంచి తీసుకెళ్లే సామాను విషయంలో మాత్రం జాగ్రత్త: మాంసం, పాల పదార్థాలను బ్రిటన్‌లోకి తీసుకుపోవడం మీద ఆంక్షలున్నాయి. నెయ్యి, పాలకోవా, ఆఖరికి లడ్డు ప్రసాదం పెట్టెలో పెట్టే ముందు కూడా ఆ నిబంధనలు చదువుకోవాలి. పొడులు, ఊరగాయలు మూత గట్టిగా బిగించి పట్టుకెళ్లవచ్చు.

జనవరి 25న స్కాట్లండ్ అంతటా బర్న్స్ విందులు జరుగుతాయి. మొదటి విందు ఆయన మిత్రులు 1801 జులైలో, ఆయన చనిపోయిన ఐదేళ్లకు, ఆలోవేలోని ఆ పూరింట్లోనే చేసుకున్నారు. చలికి వెరవనివారు ఆ సమయంలో వెళ్లవచ్చు. విందులో హాగిస్‌ను బ్యాగ్‌పైపుతో ఊరేగించి తెచ్చి, దాని మీద బర్న్స్ రాసిన పద్యం చదివి కోస్తారు. చివర ‘ఆల్డ్ లాంగ్ సైన్’ పాడేటప్పుడు చేతులు మొదటినుంచీ అడ్డంగా పట్టుకోకూడదు. ఆఖరి చరణంలో చేయి అందించమనే మాట వచ్చినప్పుడే చేతులు ఒకదాని మీదుగా ఒకటి వేసి పక్కవారి చేతులు పట్టుకోవాలి. ఇది తెలిసినవారిని అక్కడివారు ప్రత్యేకంగా గమనిస్తారు.

స్కాట్లండ్ బ్యాంకులు పౌండు నోట్లను తామే ముద్రిస్తాయి. క్లైడ్స్‌డేల్ బ్యాంకు పది పౌండ్ల నోటు మీద బర్న్స్ బొమ్మ ఉంటుంది. చిల్లరలో వస్తే ఒకటి దాచుకోండి. మిగతావి అక్కడే ఖర్చు చేసేయండి, ఎందుకంటే లండన్ దుకాణాల్లో వీటిని చూసి సందేహించేవారుంటారు, మన ఊళ్లో డబ్బు మార్చేవారు తీసుకుంటారన్న నమ్మకం లేదు. ఫోను చార్జరుకు అక్కడి మూడు చదరపు పిన్నుల ప్లగ్గు అడాప్టరు తీసుకెళ్లాలి.

ఇంకో రోజు చేతిలో ఉంటే, బర్న్స్ చివరి ఏళ్లు గడిపి 1796 జులై 21న ముప్పై ఏడేళ్ల వయసులో చనిపోయిన డమ్‌ఫ్రీస్ పట్టణానికి వెళ్లండి. ఆయన ఉన్న ఇల్లూ, సెయింట్ మైకేల్ చర్చి ఆవరణలోని సమాధీ అక్కడ ఉన్నాయి. ఆలోవే, డమ్‌ఫ్రీస్ రెండింటినీ ఒకే రోజున చుట్టడానికి ప్రయత్నించవద్దు. రెండూ వేర్వేరు రైలు దారుల మీద ఉన్నాయి. ఆలోవే రోజున సాయంత్రం ఖాళీ ఉంటే ఎయిర్ పట్టణంలోనే పాత వంతెన దాకా నడిచి, తిరిగి స్టేషన్‌కు వచ్చి గ్లాస్గో రైలు ఎక్కండి.